లిమిటెడ్ కోడలు

11 మార్చి 2008

ఈ రోజు కాలు నేల మీద నిలవడం లేదు. మంచి కబురు పదిమందికి చెబితే దిష్టి తగులుతుందని అత్త అంటుంది. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను. కాగితానికి దిష్టి పెట్టే బుద్ధి లేదు కదా.

ఎర్రగుంట్ల దగ్గర ఉన్న సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ఫోను వచ్చింది. వాళ్ల క్యాంటీన్‌లో ఏం వండాలో, సుగరు బీపీ ఉన్న కార్మికులు ఏం తినాలో, ఎలా తినాలో ఏడాదిపాటు నేను చెప్పాలట. కడప జిల్లా నుంచి కర్నూలుకు నన్ను వెతుక్కుంటూ ఫోను! అంగడి మిద్దె మీద నూనె డబ్బాల పక్కన రెండు కుర్చీలు వేసుకుని, బియ్యం మూటలు తూచే కాటా మీద మనుషులను తూచి మొదలుపెట్టిన నన్ను. అప్పుడు బజారంతా నవ్వింది. "కోమటోళ్ల కోడలు మనుషులను గూడ తూకానికి పెట్టింది" అన్నారు. నవ్వినవాళ్లలో సగంమంది ఇప్పుడు నా దగ్గర ఫీజు కట్టి కూర్చుంటున్నారు.

మెలిక ఒక్కటే. వాళ్లు మనిషి పేరున కాంట్రాక్టు ఇవ్వరట. కంపెనీ ఉండాలి, అది జూన్ నెలాఖరుకు రిజిస్టరై ఉండాలి.

సరే, కంపెనీ పెడతాను. ఎందుకు పెట్టకూడదు?

14 మార్చి

పార్క్ రోడ్డులో సి.ఎ. ప్రదీప్‌కుమార్ ఆఫీసుకు వెళ్లాను. కుర్రవాడే గాని విషయం విడమరిచి చెబుతాడు. "ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుకోండక్కా. ఇద్దరు మనుషులుంటే చాలు. అది పుట్టినంక వేరే మనిషి కిందనే లెక్క. దాని అప్పు దానిదే, దాని ఆస్తి దానిదే. రేపు కంపెనీ మునిగినా మీరు పెట్టిన వాటా వరకే పోతాది. మీ ఇల్లు గాని, మీ మామ అంగడి గాని ఎవ్వరూ తాకలేరు" అన్నాడు.

ఆ చివరి మాట నాకు ఎంత నచ్చిందో! మామ నలభై ఏళ్లు కూర్చుని నిలబెట్టిన అంగడి అది. నా వ్యాపారం నష్టపోతే ఆ మరక దాని మీద పడకూడదు. గెలిస్తే నేను గెలవాలి, ఓడినా నేనే ఓడాలి.

రెండో మనిషిగా మురళి ఉంటానన్నాడు. దోశ తింటూ తల ఎత్తకుండానే ఒప్పుకున్నాడు. నా భర్త మంచివాడు. వాళ్ల నాన్న ఎదురుగా లేనప్పుడు ఇంకా మంచివాడు.

19 మార్చి

మామకు చెప్పాను. లిమిటెడ్ అంటే ఏమిటని అడిగాడు. ప్రదీప్ చెప్పినదంతా వరుసగా చెప్పాను, ఇల్లూ అంగడీ ఎవరూ తాకలేరన్నది మరీ గట్టిగా చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "అమ్మా సుచరితా, మన బజారులో ఐ.పి. పెట్టినోళ్లను శానామందిని చూసినా. అప్పులోళ్లు వస్తే కోర్టులో చేతులెత్తేస్తారు. వాళ్లు మునిగినంక ఎత్తుతారు, నువ్వు మునగకముందే ఎత్తుతాండావు. అంతే తేడా" అన్నాడు.

"మామా, ఇది చట్టం" అన్నాను.

"చట్టమే. ఐ.పి. గూడ చట్టమే కదమ్మా. ఇచ్చిన మాటకు గీత గీసుకునే పని ఈ ఇంట్లో ఎవ్వరూ చెయ్యలేదు" అని కండువా భుజాన వేసుకుని కిందికి దిగి వెళ్లిపోయాడు.

మురళి గోడవైపు చూస్తూ, "నాన్న వద్దంటాండాడు కదా, కొన్నాళ్లు ఆగు" అన్నాడు.

తిరుపతిలో న్యూట్రిషన్ ఎమ్మెస్సీ చదివి వచ్చిన నేను, ఊరందరికీ తిండి చెప్పే నేను ఈ ఇంట్లో మాత్రం ఐ.పి. పెట్టే మనిషిని. ఆయనకు సుగరు ఉంది. నా దగ్గరికి ఒక్కసారైనా వచ్చాడా? కొర్ర అన్నం పెడితే పిట్టల తిండి అంటాడు. వరి అన్నం కుప్ప పోసుకుని తింటాడు. తినడం ముగించి మాత్ర వేసుకుంటాడు, తినకముందు వేసుకోవాలని ఎన్నిసార్లు చెప్పినా వినడు.

ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నాకేం బాధ లేదు.

22 మార్చి

నిజంగానే నాకేం బాధ లేదు.

3 ఏప్రిల్

పేరు కోసం హైదరాబాదుకు దరఖాస్తు పంపించాను. మురళి సంతకం పెట్టాడు. "నాన్నను నేను చూసుకుంటా లే" అన్నాడు. చూసుకుంటాడని నాకు నమ్మకం లేదు, అయినా పంపించాను.

15 ఏప్రిల్

మురళి చూసుకోలేదు.

24 ఏప్రిల్

పేరు వచ్చింది! మేం ముందు రాసిన 'ఆరోగ్యలక్ష్మి' అప్పటికే ఎవరికో ఉందట. రెండోది ఒప్పుకున్నారు. సుచరిత న్యూట్రిషన్ కోచింగ్ ప్రైవేట్ లిమిటెడ్. నా పేరు! మా అంగడి మీద ఉన్నది మామ తాత పేరు, ఇంటి మీద ఉన్నది మామ పెద్దసుబ్బయ్య పేరు, గ్యాసు పుస్తకం మీద మురళి పేరు. ఈ ఇంటికి సంబంధించి నా పేరు పెళ్లి కార్డు మీద తప్ప ఎక్కడా అచ్చు కాలేదు. దీన్ని పైకి నాలుగుసార్లు చదువుకున్నాను. అత్త రాజ్యలక్ష్మమ్మ కూడా వింది. "శానా పెద్ద పేరే. పిలవనీకి ఊపిరి చాలదు" అంది. కాని మొహం వెలిగిపోయింది. నేను చూశాను.

మధ్యాహ్నం ఒకాయన కూతురిని వెంటబెట్టుకుని వచ్చి, "ఎంసెట్ కోచింగ్ ఈడేనా మేడం?" అని అడిగాడు. కాదని చెప్పి ఆ పిల్లకు రక్తం పట్టడానికి ఏం తినాలో చెప్పి పంపాను. ఫీజు తీసుకోలేదు. పేరు వచ్చిన రోజు కదా.

15 మే

వాసవీ జయంతి భోజనాలు. బజారులోని మన వాళ్లంతా వచ్చారు. ఆడవాళ్ల పంక్తిలో ఎవరో అడిగారు, కంపెనీ పెడుతున్నావట కదా, దాని లాభం ఏమిటని. నేను చెప్పాను. ఎర్రగుంట్ల గురించి చెప్పాను. హైదరాబాదు నుంచి పేరు వచ్చిందని చెప్పాను. రేపు ఏం జరిగినా మా ఇంటినీ అంగడినీ ఒక్కరూ తాకలేరని చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పి ఉంటాను. పక్క పంక్తిలో మగవాళ్లు తలలు తిప్పి చూశారు. చూడనీ. గొప్ప పని చేసేటప్పుడు గొంతు దానంతటదే పెరుగుతుంది.

17 మే

ఆదోని నుంచి నూనె బండి రాలేదు.

19 మే

ఇప్పుడు అర్థమైంది. నూనె మిల్లు చంద్రమోహన్ మనిషిని పంపించాడు. పాత సరుకు బాకీ తేలితేగాని కొత్త సరుకు దించడట. ఆయనకూ మా మామకూ ఎన్నో ఏళ్లుగా నోటి మాట మీదనే నడుస్తోంది. చింతపండు వాళ్లూ అలాగే అన్నారు. పప్పు మిల్లు వాళ్లు ఫోను ఎత్తడం లేదు.

బజారంతా ఒకటే మాట. పెద్దసుబ్బయ్య ఇంట్లో లిమిటెడ్ పెడ్తాండారంట, అంగడి అందులోకి మార్చేసి ఐ.పి. పెట్టనీకి. ఇల్లూ అంగడీ ఎవ్వరూ తాకలేరని కోడలే చెప్పింది కదా, పంక్తిలో కూర్చుని, అందరి ముందర.

నేను అన్నది అది కాదు. అన్నది నిజమే కాని, నేను అన్నది అది కాదు.

మామ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. తిరిగి ఒకటి అనేదాన్ని.

20 మే

ఐ.పి. అనే మాట పుట్టినప్పుడు అంగడి తలుపు మూస్తే చాలు, నిజమే అంటారు. భోజనానికి మూసినా అంతే. మామ పొద్దున తలుపులు తీసి గల్లా పెట్టె దగ్గర కూర్చున్నాడు. ఇక లేవడు. అందరికీ కనబడాలి. బయట మేనెల ఎండ మండిపోతోంది, లోపల ఫ్యాను వేడిగాలిని తిప్పుతోంది. తెల్ల చొక్కా ఇస్త్రీ మడత చెదరకుండా కూర్చున్నాడు. మధ్యాహ్నం మురళి వెళ్లి నేను కూర్చుంటా, మీరు తిని రాండి అంటే, "నువ్వు కూర్చుంటే ముసలోడు పారిపోయినాడంటారు" అన్నాడట.

పొద్దున మాత్ర మాత్రం వేసుకున్నాడని అత్త చెప్పింది. మాత్ర వేసుకుని తిండి మానేశాడు. మనిషికి ఎంత పొగరున్నా సుగరుకు తెలియదు. అది ఒక్కసారిగా పడిపోయి మనిషిని కూలేస్తుంది.

కొర్ర అన్నం, పప్పు, గోంగూర, మజ్జిగ క్యారియర్‌లో పెట్టుకుని కిందికి దిగాను. ఈ ఇంటి ఆడవాళ్లు గిరాకీ ఉన్నప్పుడు అంగడి ముందరికి రారు. నేను వచ్చాను. గల్లా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని విస్తరి పరిచాను. బజారు బజారంతా చూస్తోంది.

"పైకి పో అమ్మా" అన్నాడు మెల్లగా.

"మీరు తింటే పోతా మామా. చేతులు వణుకుతున్నాయి, చూసుకోండి. అంతమంది ముందర మీరు పడిపోతే ఏమంటారో చెప్పండి. అప్పుడు నా కంపెనీ అవసరం లేదు, మనల్ని ముంచడానికి."

ఆయన చేతులు చూసుకున్నాడు. నా మొహం చూశాడు. ఎదురుగా నిలబడ్డ గిరాకీలను చూశాడు. కోడలు పెట్టిన అన్నం తోసేస్తే ఇంట్లోనే కొట్లాటలని ఇంకో మాట పుడుతుంది. తిన్నాడు. పిట్టల తిండి అన్న మనిషి మెతుకు మిగలకుండా తిన్నాడు. మజ్జిగ కూడా తాగాడు. నేను కదలకుండా అక్కడే కూర్చున్నాను. ఎవరైనా ఒక్క మాట అనుంటే వాళ్ల బరువు, వాళ్ల సుగరు అక్కడే చదివి వినిపించేదాన్ని.

అలా వినిపించేదాన్ని కాదు. కాని అంత కోపం వచ్చింది.

21 మే

మళ్లీ తీసుకుపోయాను. సజ్జ రొట్టె, వంకాయ కూర. తిన్నాడు. "ఉప్పు తక్కువుండాది" అన్నాడు. మాట్లాడాడు కదా, అదే చాలు.

ప్రదీప్‌కు ఫోను చేసి కంపెనీ ఆపేయమని చెప్పాను. ఎర్రగుంట్ల వాళ్లకు రేపు చెబుతాను. నా పేరు అంగడి పేరును చెడగొట్టే లెక్కయితే నాకు ఆ పేరు వద్దు.

నాకేం బాధ లేదు.

22 మే

ఈ రోజు జరిగింది మొత్తం రాయాలి, ఒక్క మాట కూడా మరిచిపోకూడదు.

నేను క్యారియర్‌తో కిందికి దిగేసరికి చంద్రమోహన్ అక్కడే ఉన్నాడు. ఆదోని నుంచి తనే వచ్చాడు. మామ ఎదురుగా కూర్చుని మొహమాటంతో మెలికలు తిరుగుతున్నాడు. "సుబ్బయ్యన్నా, నేనేం అనుకోలేదు. మా తమ్ముళ్లే అంటాండారు, ముందుగా ఒకసారి చూసుకుంటే మంచిది కదా అని" అంటున్నాడు.

ఆయన నా క్లయింటు. నెలనెలా మిద్దె ఎక్కి వస్తాడు. భార్యకు తెలియకుండా ఏం తింటున్నాడో, ఎక్కడ తింటున్నాడో నాకు తప్ప ఇంకొకరికి తెలియదు.

"చంద్రమోహన్‌గారూ, నేను మీ నూనె సంగతి మాట్లాడను. ఒకటే అడుగుతా. నా గదిలో మీరు చెప్పిన మాట ఎప్పుడైనా ఆదోని దాకా వచ్చిందా? మీ ఇంట్లో వాళ్లకు తెలిసిందా?" అని అడిగాను.

ఆయన మొహం ఎర్రబడింది. "లేదమ్మా. నీ దగ్గర చెప్పిన మాట గోడ దాటదు" అన్నాడు.

"అంత మాట దాచుకున్న ఇల్లు మీకు ఇవ్వాల్సింది దాచుకుంటుందా? కంపెనీ నా తిండి పాఠాలది. అంగడికీ దానికీ సంబంధం లేదు. అయినా ఇక ఆ మాటే లేదు. నిన్ననే ఆపేయమని చెప్పేశాను."

మామ అప్పుడు తల ఎత్తాడు. "ఆపేసినావా?"

"ఆపేశా మామా. మీకు కావాల్సింది అదే కదా."

"ఎవరు చెప్పినారు నీకు ఆపమని?" గొంతు పెంచాడు. అంతవరకు ఎంత అణుచుకున్నాడో అప్పుడు తెలిసింది. "ఇప్పుడు ఆపితే దొంగ దొరికినాడు, జడిసి మానుకున్నాడు అనరా? నేను వద్దన్నది నిజమే. వద్దన్నా మొదలుపెట్టినావు. మొదలుపెట్టినంక నడిమధ్యలో ఇడిసేది యాడ నేర్చుకున్నావు? ఈ ఇంట్లో నేర్చుకోలేదు." తర్వాత చంద్రమోహన్ వైపు తిరిగాడు. "ఏమప్పా, విను. నా కోడలు కంపెనీ పెడ్తాది. రెండో సంతకం నాది. అది లిమిటెడ్, నేను కాదు. అది ఎవ్వరికన్నా బాకీ పడితే ఈ గల్లా దగ్గరికి రమ్మను. పోయి బజారులో చెప్పు, పంక్తిలో కూర్చుని చెప్పు."

చంద్రమోహన్ చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం నూనె బండి వచ్చింది.

23 మే

ఒళ్లు మండుతోంది. మురళి సంతోషంగా ఉన్నాడు, అత్త బొబ్బట్లు చేస్తానంటోంది, నాకు మాత్రం ఒళ్లు మండుతోంది.

ప్రదీప్‌కు చెబితే కళ్లలో నీళ్లు వచ్చేంతగా నవ్వాడు. "చట్టం మీకిచ్చిన లిమిటెడ్‌ను మీ మామ బజారులో నిలబడి ఇడిసేసినాడక్కా!" అంటాడు. నాకు నవ్వు రాలేదు. నేను ఈ కంపెనీ పెట్టిందే ఆయన అంగడి మీద నా నష్టం పడకూడదని. ఆయన పోయి తల దూర్చాడు, అది కూడా అరిచి చెప్పి మరీ దూర్చాడు.

క్యారియర్ తీసుకుపోయినప్పుడు అడిగేశాను. "మామా, మిమ్మల్ని కాపాడాలనే కదా నేను లిమిటెడ్ అన్నది. మీరే పోయి అందులో దూకితే ఎట్లా?"

అన్నం కలుపుకుంటూ నింపాదిగా అన్నాడు. "నీ మనసు నాకు తెల్సమ్మా. కాని నన్ను కాపాడేది నీ కాగితం కాదు. అప్పు వస్తే అంగడి పోతాది, పోనీ, మళ్లీ పెట్టుకుంటాం. మాట పోతే మళ్లీ యాడ తెస్తాం? నేనుండేంతవరకు నీకు లిమిటెడ్ లేదు. నేను పోయినంక పెట్టుకో."

ఇలాంటి మనిషితో ఏం వాదించను? అయినా ఊరికే వదలలేదు. "అయితే నేనూ ఒక మాట ఇస్తా. మీరు నా కంపెనీకి జామీను. నేను మీ సుగరుకు జామీను. రేపటి నుంచి మాత్ర అన్నానికి ముందు, తిండి టైముకు, వరి అన్నం కొలతకు. ఒప్పుకుంటేనే సంతకం" అన్నాను.

అన్నం ముగించి మజ్జిగ తాగాడు. చివరికి, "బొబ్బట్టు?" అని అడిగాడు.

"సగం."

"కోమటిదానివే" అన్నాడు.

ఈ బజారులో ఇంతకన్నా మెచ్చుకోలు ఉండదు.

2 జూన్

మామా నేనూ ప్రదీప్ ఆఫీసుకు వెళ్లి సంతకాలు చేశాం. పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి అన్నీ మన చేత్తో మనమే రాయాలి. మామ వృత్తి దగ్గర 'వర్తకం' అని తెలుగులో గుండ్రంగా రాశాడు. ఇంగ్లీషులో రాయాలేమోనని ప్రదీప్ గొణిగితే, "నాకు వచ్చిన వర్తకం తెలుగులోనే వచ్చింది" అన్నాడు. కింద ఇంగ్లీషు కూడా చేర్చారు. నా వృత్తి దగ్గర నేను ఒక్క క్షణం ఆగాను. ఇన్నేళ్లూ ఎక్కడ రాయాల్సి వచ్చినా గృహిణి అనే రాశాను. ఈసారి న్యూట్రిషనిస్టు అని రాశాను. కలం గట్టిగా నొక్కాను, కింది కాగితం మీద కూడా పడింది.

కంప్యూటరులో పెట్టే సంతకం చిన్న పుల్ల లాంటి దాంట్లో వచ్చింది. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో నా సంతకం ఉండాదా? అయితే జేబులో పెట్టుకుని తిరుగుతా, ఎవడన్నా ఎత్తుకుపోతాడు" అన్నాడు. నిజంగానే జేబులో పెట్టుకున్నాడు.

9 జూన్

చినుకు పడింది. అంగడి ముందర మట్టి వాసన. మామ సుగరు తగ్గింది. చాలా కాదు, తగ్గింది. ఆయనకు చెప్పలేదు. చెబితే బొబ్బట్టు పూర్తిగా అడుగుతాడు.

19 జూన్

సర్టిఫికెట్ వచ్చింది!!! ప్రదీప్ హైదరాబాదు నుంచి తెప్పించి తనే తీసుకొచ్చాడు. ఎర్రగుంట్ల వాళ్లకు ఫోను చేశాను. వచ్చే నెల ఒకటిన రమ్మన్నారు.

బజారులో నన్ను ఇప్పుడు లిమిటెడ్ కోడలు అంటున్నారట. మురళి కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు. నాకు సిగ్గేం లేదు. ఇంతకుముందు కాటా కోడలు అనేవాళ్లు. ఇది ప్రమోషనే.

22 జూన్

మిద్దె మీద గదిలో పూజ చేయించాం. చిన్నగానే చేద్దామన్నాను. మామ వినలేదు. చంద్రమోహన్ కుటుంబంతో వచ్చాడు. భార్య పక్కనుండగా లడ్డు వద్దన్నాడు. నేను చూడనట్టు ఉన్నాను.

అయ్యగారు సంకల్పం మొదలుపెట్టి ఆగిపోయారు. "కంపెనీ పేరు మీద పూజ అన్నారు. గోత్రం ఏం చెప్పమంటారు?" అని అడిగారు.

ప్రదీప్ ముందుకు వచ్చి, "దానికి గోత్రం ఉండదు స్వామీ. చట్టం ప్రకారం అది వేరే మనిషి, దేనికీ సంబంధం లేదు" అన్నాడు. వాడు చెప్పింది సరైనదే. నేనూ మార్చి నెల నుంచి అదే చెబుతున్నాను. కాని అందరి ముందర అది వినగానే, నేను కన్న బిడ్డకు దిక్కూ మొక్కూ లేదన్నట్టు అనిపించింది. తల వంచుకున్నాను.

మామ గొంతు వినబడింది. "ఏమప్పా, నా ఇంటి మిద్దె మీద పుట్టినదానికి గోత్రం లేకపోయేదేంది? మా గోత్రమే చదవండి స్వామీ."

అయ్యగారు గోత్రం చదివారు. తర్వాత ఎప్పుడూ అడిగేదే అడిగారు, యజమాని పేరు?

ఈ ఇంట్లో ఏ పూజ జరిగినా, వ్రతమైనా, గృహప్రవేశమైనా, దీపావళి రోజు అంగడి పూజైనా, ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి వింటున్నాను. అయ్యగారు అడగడమైతే అడిగారు గాని, జవాబు కోసం ఆగకుండా పెద్దసుబ్బయ్య అని అప్పుడే అందుకోబోతున్నారు.

మామ చెయ్యి ఎత్తి ఆపాడు. "సుచరిత" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు, గట్టిగానే ఏడ్చాను. అత్త వీపు నిమిరింది. డైరెక్టరుగారు ఇలా ఏడవచ్చా అని ప్రదీప్ నవ్వాడు.

మూడు నెలలుగా నాకేం బాధ లేదని రాస్తూ వచ్చాను. చాలా బాధ ఉండింది. ఇప్పుడు లేదు.